ఇద్దరి వయసూ అడిగాకే మేళం

ఈ ఉదయం పెళ్ళివారెవరో తాంబూలం పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టారు. తడి ఆరని తమలపాకుల వాసన గదంతా నిండింది. పచ్చిగా, కొంచెం కారంగా ఉండే ఆ వాసన తగిలితే చాలు, చంద్రగిరిలో మా గురువుగారి వసారా కళ్ళ ముందుకొస్తుంది. మేళం కుదుర్చుకోవడానికి మా దగ్గర ఇప్పటికీ అదే పద్ధతి. ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా సరే, ఆకూ వక్కా పళ్ళెంలో పెట్టి ఇవ్వాలి, మేళగాడు దాన్ని రెండు చేతులా అందుకోవాలి. అప్పుడే మాట ఖాయమైనట్టు. నేను పళ్ళెం ముట్టుకోకుండా ముందు పెళ్ళికూతురి వయసు అడిగాను. తర్వాత పెళ్ళికొడుకు వయసు అడిగాను. వచ్చిన పెద్దమనిషి మొదటిదానికి ఠక్కున జవాబిచ్చి, రెండోదానికి నవ్వాడు. "ఆడపిల్లకంటే అడిగినావు, సరే. మగోడి వయసుతో నీకేం పనప్పా?" అన్నాడు. సరిగ్గా ఇలాంటి మాటే ఒకప్పుడు మా నాయన నోట విన్నాను. ఆ రోజు వయసు చర్చకొచ్చిన మగవాణ్ణి నేనే.

మా గురువుగారి పేరు చెంగల్రాయప్ప. నాదస్వరం వాయించేవారు. పొట్టి మనిషి, వెడల్పు ఛాతీ, ఎప్పుడూ ఊదుతున్నట్టే కనిపించే బుగ్గలు. కాఫీ పిచ్చి ఒకటి, ముక్కు మీద కోపం ఒకటి, ఈ రెండూ ఆయనతోపాటే పుట్టాయని మా నాయన అనేవాడు. నాయన ఆయన పక్కన ఏళ్ళ తరబడి డోలు వాయించాడు. డోలు మీద నా చేయి పెట్టించింది నాయనే. ఆ చేతికి బుద్ధి నేర్పింది మాత్రం గురువుగారు. ఇంటర్ అయ్యాక తిరుపతిలో సంగీత కళాశాలలో చేరి, సాయంత్రాలు బస్సెక్కి చంద్రగిరికి వచ్చి ఆయన ముందు కూర్చునేవాణ్ణి. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. బాగా వాయించిన రోజు ఏమీ అనకుండా కాఫీ తాగేవారు, అంతే. బాగా లేని రోజున మాత్రం మాటలకు కరువుండేది కాదు. "డోలు వాయిస్తాండావా, సంకటి కెలకతాండావా?" అని అడిగేవారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి నవ్వేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది. మళ్ళీ మర్నాడు వెళ్ళేవాణ్ణి, ఎందుకంటే అంత శ్రద్ధగా నన్ను తిట్టేవాళ్ళు నాకు ఇంకెవరూ లేరు.

ఆయనకున్న నియమం ఒకటే. పెళ్ళి మేళానికి ఎవరు తాంబూలం తెచ్చినా ముందు ఇద్దరి వయసూ అడగాలి. అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవైయొకటి నిండకపోతే పళ్ళెం ముట్టరు. ఒకసారి చిత్తూరు నుంచి మామిడి మండీ యజమాని ఒకాయన కారులో వచ్చాడు. పెద్ద పళ్ళెం, దాని నిండా పళ్ళు. కూతురికి ఇంకో నాలుగు నెలలైతే పద్దెనిమిది నిండుతాయని, అదేమంత తేడా అని, చాలా సులువుగా చెప్పాడు.

"అయితే నాలుగు నెల్లు పోనిచ్చి రాండి," అన్నారు గురువుగారు. "ఆకులు వాడిపోతాయి గానీ నేనేమీ వాడిపోను."

"ఏం సామీ, నువ్వేమన్నా పోలీసా?"

"పోలీసోళ్ళు పెండ్లయినాక వస్తారు. నేను ముందరే వస్తా."

మండీ యజమాని కారు తలుపు వేసిన చప్పుడుకు పక్కింటి కోళ్ళు కూడా బెదిరాయి. గురువుగారు మాత్రం కాఫీ ఇంకో లోటా తెమ్మని లోపలికి కేకేశారు. ఇది తెలియనివాళ్ళకు మేళగాడికి ఇంత బెట్టు ఏమిటనిపించవచ్చు. కానీ మా వైపు పెళ్ళిలో అసలు ఘడియ మేళం చేతిలోనే ఉంటుంది. పురోహితుడు చేయెత్తి "గట్టిమేళం, గట్టిమేళం!" అని అరుస్తాడు. ఏ తుమ్మూ ఏ అపశకునపు మాటా చెవిన పడకుండా నాదస్వరం, డోలు ఒక్కసారిగా మోగుతాయి. ఆ హోరులోనే తాళి కడతారు. అది మోగందే ఎవరి చేయీ ముందుకు పోదు. "తాళి కట్టేది వాడు, కట్టమని సెప్పేది నేను. జైలంటూ ఉంటే నాకూ ఉండాల," అనేవారాయన. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక మేళం పళ్ళెం తిప్పి పంపిందంటే, ఎందుకు పంపిందో కనుక్కోకుండా చుట్టుపక్కల ఇంకో మేళం ఆ పళ్ళెం అందుకోదు. మావాళ్ళలో అది పాతకాలపు కట్టుబాటు. కాబట్టి ఆయన కాదంటే ఆ మాట చిత్తూరు దాకా పోయేది.

ఈ నియమం ఎందుకని అడిగినవాళ్ళకు ఆయన పూటకో జవాబు చెప్పేవారు. ఒకరితో చట్టమన్నారు, ఒకరితో భయమన్నారు, ఒకరితో "నా ఇష్టం" అన్నారు. నాకు మాత్రం ఒకసారి పలమనేరు నుంచి బస్సులో వస్తూ అసలు సంగతి చెప్పారు. ఆయన కొత్తగా మేళం కట్టిన రోజుల్లో ఒక పల్లెలో తెల్లవారుజాము ముహూర్తానికి వాయించారట. పెళ్ళికూతురు చిన్నపిల్ల. ఎంత చిన్నదో ఎవరూ అడగలేదు, ఈయనా అడగలేదు. పీటల మీద కూర్చునే నిద్రపోయింది. పురోహితుడు చేయెత్తాడు, ఈయన ఊదారు. ఆ హోరుకు పిల్ల ఉలిక్కిపడి లేచి, ఎక్కడుందో తెలియక, అమ్మా అని ఏడ్చింది.

"ఆ ఏడుపు ఎవురికీ ఇనపడలేదురా మునీ," అన్నారు. "నా మేళం అట్లుండాది. నాకొక్కడికే ఇనపడింది. ఆపి ఉంటే బాగుండు. ఆపలా."

అంతే చెప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత ఏడాది నా పెళ్ళి మాట వచ్చింది. పెళ్ళికూతురు పలమనేరులో ఉండే మా మేనమామ కూతురు రేవతి. మామకు ఒక్కతే బిడ్డ, కొట్టం నిండా పాడి ఆవులు. నన్ను ఇల్లరికం తెచ్చుకుని ఆవుల పని అప్పగించాలని ఆయన కోరిక. అంటే కాలేజీ అక్కడితో సరి, డోలు అటక మీదికి. మా అమ్మమ్మను మేం అవ్వ అంటాం. కొడుకు కూతురికీ కూతురి కొడుక్కీ ముడిపడితే చూసి కళ్ళు మూసుకుంటానని ఆమె ఎప్పుడూ అంటుండేది. నాయన చట్టం తెలిసిన మనిషినని అనుకునేవాడు. రేవతికి పద్దెనిమిది నిండేదాకా మామను ఓపిక పట్టమని తనే ఆపాడు. ఆ సంగతి వీధిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ఇక నా విషయమా, నాకు ఎగిరి గంతేసినంత సంతోషంగా ఉంది. రేవతి అంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. కొత్తగా మీసం కూడా దట్టంగా వచ్చింది. అలాంటి వయసులో డోలు అటకెక్కుతుందంటే ఎవరికి బాధ? ఎక్కితే ఎక్కనీ అనుకున్నాను.

నాయన కొత్త పంచ కట్టుకుని, పళ్ళెం పట్టుకుని గురువుగారి వసారాలోకి వచ్చాడు. నేను ఎదురుగా డోలు ముందు కూర్చుని, సిగ్గుపడుతున్నట్టు తల వంచుకున్నాను.

"అన్నా, మావోడి పెండ్లి. నీ మేళమే. పిల్లకు పద్దెనిమిది నిండినాయి. నిండిందాకా ఆగినా, సూడు!" అన్నాడు నాయన.

"మంచిది. పిల్లోడికి?"

నాయన నవ్వాడు. "పిల్లోడెవురో తెలీదా అన్నా? నీ ఎదురుగానే కూసోనుండాడే!"

"ఎవురో అడగలా. ఎన్నేండ్లు నిండినాయని అడిగినా."

"పంతొమ్మిది."

"ఎన్ని నిండాల?"

"అది... ఆడపిల్లలకు గదన్నా చట్టం. మగోడికేముండాది?"

నిజానికి గురువుగారికి కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగిందనుకుంటాను. "ఇన్నేండ్లు నా పక్కన కూసోని వాయించినావు. పళ్ళెం వచ్చినప్పుడంతా నేను రెండు వయసులడగతా ఉంటే, నువ్వు ఒగదాన్నే ఇన్యావా?" అన్నారు.

దీపం కింద చీకటంటే అదే. నాయన నిజంగానే ఒకదాన్నే విన్నాడు. మోసం చేయాలని కాదు. మా ఇళ్ళల్లో కాపాడాల్సింది ఆడపిల్లను, మగపిల్లవాడు మీసం మొలిస్తే మగాడే అని ఎంత బలంగా నాటుకుపోయిందంటే, రెండో ప్రశ్న ఆయన చెవిలోకి దూరనే లేదు. గురువుగారు పళ్ళెం వెనక్కి జరిపారు. "చట్టం లెక్కలో వీడింకా పిల్లోడు. పిల్లోళ్ళ పెండ్లికి నేను వాయించను," అన్నారు. పిల్లోడు! నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకిష్టమే సామీ!" అని లేచి నిలబడ్డాను.

"ఇష్టమేలే. జరమొచ్చినోడికి ఐసూ ఇష్టమే," అన్నారాయన. "కూసో."

నేను కూర్చోలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను. నా జీవితంలో ఆయన మాట కాదన్నది ఆ ఒక్కసారే. వారం తిరగకుండానే కట్టుబాటు పని చేయడం మొదలుపెట్టింది. నాయన చిత్తూరు వెళ్ళాడు, పలమనేరు వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిచోటా మేళగాళ్ళు మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "చెంగల్రాయప్పన్న ఎందుకు వద్దన్యాడు?" అని అడిగారు. విసిగిపోయిన మామ, మేళం లేకపోతే పీడాపాయె, పెట్టెలో రికార్డు పెడదామన్నాడు. ఫోన్లో నొక్కితే గట్టిమేళం, ఇంతోటిదానికి ఆయన కాళ్ళు పట్టుకోవాలా అన్నాడు. నాకూ అదే బాగుందనిపించింది. అడ్డుపడింది మా అవ్వ.

"పెట్టెలో పాట పెట్టి తాళి కట్టేదానికి ఇదేమన్నా సినిమానా?" అని లేచింది. "మేళం లేని పెండ్లి సూసేదానికా నేనింతకాలం ఉండింది?"

"నువ్వే గదమ్మా తొందర పడితివి!" అన్నాడు మామ.

"పడితి. ఇప్పుడు పడను. రెండేండ్లే గదా, ఉంటాలే. నేను యాడికీ పోను," అంది అవ్వ. అంది, అలాగే ఉంది. ఎవరి ప్రాణం పేరు చెప్పి ఇంత హడావిడి చేశారో ఆ మనిషే గట్టిగా ఉన్నాక ఇక ఎవరూ తొందరపెట్టలేదు. పెళ్ళి ఆగింది. ఖాళీగా ఉండటమెందుకని రేవతి చిత్తూరులో నర్సింగులో చేరింది.

కోపం కోపమే, మేళం మేళమే అని నాయన మరుసటి ముహూర్తానికే డోలు భుజాన వేసుకుని గురువుగారి దగ్గరికి పోయాడు. నేను కొన్నాళ్ళు బిగదీసుకుని కూర్చున్నాను. కానీ కాలేజీలో ఎవరూ నన్ను తిట్టడం లేదు. తప్పు వాయిస్తే "పర్వాలేదు" అంటున్నారు. ఆ పర్వాలేదు భరించలేక మళ్ళీ చంద్రగిరి బస్సెక్కాను. ఆయన ఎందుకు రాలేదని అడగలేదు, డోలు చూపించారు. ఆ రోజు నా కోపమంతా దాని మీద తీర్చుకున్నాను. చేతివేళ్ళు కందిపోయాయి. ఆపాక అడిగేశాను. "సామీ, నేను పిల్లోణ్ణా?"

"డోలు దగ్గర కాదు," అన్నారు. "ఓటేసేదానికీ, బండి తోలేదానికీ పెద్దోడివే. తాళి కట్టేదానికి ఇంకా పిల్లోడివి. ఈ చట్టం రాసినోడెవడో గానీ ఇల్లూ వాకిలీ సూసినోడే. ఓటు తప్పు పడితే మళ్ళా వేసుకోవచ్చు గదరా."

అప్పట్లో ఆ మాట నాకు నచ్చలేదు. కానీ ఆ రెండేళ్ళూ నా చేతికి పండగే. మళ్ళీ అంత ఆకలిగా ఎప్పుడూ నేర్చుకోలేదు. పల్లవి తర్వాత పల్లవి, కష్టమైన తాళాలన్నీ ఆయన నా మీదికి వదిలారు. ఆయన ఏమీ అనకుండా కాఫీ తాగిన సాయంత్రాలు ఎక్కువవుతూ వచ్చాయి. డోలు అటక మీదికి పోతే పోనీ అనుకున్నవాణ్ణి, ఒక రోజు కాలేజీ నుంచి వస్తూ బస్సులో కూర్చుని, పెళ్ళయినా ఇది మాత్రం వదలను, మామతో గట్టిగా చెప్పేస్తాను అని అనుకోవడం గుర్తుంది.

నాకు ఇరవైయొకటి నిండాయి. నాయన ఈసారి రెండు వయసులూ తనే ముందు చెప్పి, పళ్ళెం పెట్టాడు. గురువుగారు సంతోషించారు. కానీ అందుకోలేదు. "పలమనేరు పోదాం పదండి," అన్నారు. ముగ్గురం వెళ్ళాం. మామ ఇంట్లో అందరూ కూర్చున్నాక, "బిడ్డను పిలువు," అన్నారు. పిల్లనడిగేదేముంది సామీ, అంతా అనుకున్నదే కదా అన్నాడు మామ. "తాంబూలం పుచ్చుకునేది నేను. ఎవురినడగాల్నో నాకు తెలుసు," అన్నారాయన.

సెలవుకు వచ్చి ఉన్న రేవతి వచ్చి తలుపు పక్కన నిలబడింది. గురువుగారు ఎప్పుడూ వినని మెత్తని గొంతుతో, "అమ్మా, నీకిష్టమా?" అని అడిగారు. రేవతి ఆయన వైపు చూడలేదు, వాళ్ళ నాయన వైపూ చూడలేదు. నా వైపు చూసింది.

"బావా, నీ మీద నాకేమీ కోపం లేదు. ఆ పొద్దు పద్దెనిమిది నిండినాయా అని అందరూ అడిగినారు. ఇష్టమా అని ఎవురూ అడగలా. అడిగినా వద్దనే ధైర్యం నాకు అప్పుడు లేదు. ఇప్పుడుండాది. వద్దు బావా."

మామ చేయెత్తి అరుస్తూ లేచాడు. "అరవొద్దురా," అంది అవ్వ మూలనుంచి. "అడిగినాము, సెప్పింది." ఎంతో కాలంగా పెట్టుకున్న కోరిక ఆమెకు అక్కడే తీరకుండా పోయింది.

నేను కొట్టంలోకి పోయి ఆవుల మధ్య నిలబడ్డాను. ఏడ్చాను. ఏడవలేదని ఎందుకు చెప్పాలి? ఇన్నాళ్ళూ పెళ్ళి ఆగింది నా కోసమని, చట్టం నన్ను చిన్నబుచ్చిందని కుమిలిపోయాను. నాకు తక్కువైన ఆ రెండేళ్ళే ఆ పిల్లకు ఒక మాట పలికే బలం ఇస్తాయని నాకు తట్టనే లేదు. తిరుగు ప్రయాణంలో గురువుగారు కిటికీ సీటు నాకిచ్చారు. అది ఆయన ఎవరికీ ఇచ్చేవారు కాదు.

"నొప్పిగా ఉండాదా?"

"ఉండాది సామీ."

"ఉండనీ. పంతొమ్మిదేండ్లప్పుడైతే ఆ యమ్మి సెప్పుండదు. సెప్పినా నువ్వు ఇనుండవు," అని కళ్ళు మూసుకున్నారు.

నాలుగైదేళ్ళు గడిచాయి. నాకు కాలేజీ చదువు పూర్తయింది, కచేరీలకు పిలుపులు రావడం మొదలైంది. రేవతి తను పని చేసే ఆసుపత్రిలోనే ఒకతన్ని ఇష్టపడింది. మామ మొదట గింజుకున్నా తర్వాత ఒప్పుకుని, పళ్ళెం పట్టుకుని చంద్రగిరికే వచ్చాడు. గురువుగారు ఇద్దరి వయసూ అడిగారు. అప్పటికి రేవతిని చూస్తే ఎవరూ అడగాల్సిన పనే లేదు. అయినా అడిగారు, మామ బుద్ధిగా చెప్పాడు. పళ్ళెం అందుకున్నాక నా వైపు తిరిగి, "నువ్వు రాకున్నా పర్వాలేదు. మీ నాయన వాయిస్తాడులే," అన్నారు. ఆయన నోట పర్వాలేదు అనే మాట వినడం నాకదే మొదలు. "వస్తాను సామీ," అన్నాను.

చిత్తూరులో కల్యాణమండపం. డోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానే గానీ, లోపల బెదురుగానే ఉంది. పురోహితుడు చేయెత్తి గట్టిమేళం అని కేకేశాడు. గురువుగారి నాదస్వరం లేచింది, నా చేతులు దానితోపాటే లేచాయి. ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి, కళ్ళతోనే చూశాను. రేవతి నిటారుగా కూర్చుని నవ్వుతోంది. ఎవరి బలవంతమూ లేని నవ్వు. అది చూశాక నా చేతికి ఎక్కడి నుంచో ఇంకా బలం వచ్చింది. నాయన పక్కన తాళం వేస్తూ నన్నే చూస్తున్నాడు. మూడు ముళ్ళూ పడేదాకా ఒక్క దెబ్బా తప్పలేదు.

భోజనాలయ్యాక చేయి కడుక్కుంటుంటే గురువుగారు వెనక నుంచి వచ్చి నా భుజం మీద చేయి వేశారు. తిడతారేమోనని అలవాటుగా బిగుసుకున్నాను.

"ఈ పొద్దు నీకు ఇరవైయొకటి నిండినాయిరా మునీ," అన్నారు.

అప్పటికి నాకు ఇరవయ్యారు. ఇప్పుడు ఆయన లేరు. నాకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. శాలువాలు, జ్ఞాపికలు చాలానే వచ్చాయి, వాటిని ఎక్కడ పెట్టానో కూడా సరిగ్గా గుర్తులేదు. ఎవరైనా వద్దు అన్నప్పుడు, అది మా అమ్మాయైనా, శిష్యుడైనా, పరాయివాళ్ళైనా, ముందు ఒళ్ళు మండుతుంది, ఆ పంతొమ్మిదేళ్ళవాడు ఇంకా లోపలెక్కడో ఉన్నాడు. అప్పుడు భుజం మీద ఆ చేయి బరువు తెలుస్తుంది, నోరు మూసుకుని వాళ్ళు చెప్పేది చివరిదాకా వింటాను.